చిన్న ట్రాక్టర్ కొత్తది తీసుకోవాల్నా, సెకండ్ హ్యాండ్‌దా? ముందుగాల గంటలు లెక్కపెట్టుండ్రి

రాత్రి రెండు కొట్టింది. రాయదుర్గం మెట్రో స్టేషన్ కాడ బండి పక్కకు పెట్టి, షిఫ్టు దిగే సార్ల కోసం చూస్తున్న. ఫోన్‌ల ఫోటో వచ్చింది. ఎర్ర రంగు చిన్న ట్రాక్టర్, పక్కన మామిడి మొక్కలు. కింద మెసేజ్: "అన్నా, అమ్మేస్తున్న. 140 గంటలే తిరిగింది. నీకేమన్న కావాల్నా?" పంపింది నా బండిల రోజూ ఎక్కే సాఫ్ట్‌వేర్ సారే.

నేను హైటెక్ సిటీల కంపెనీ క్యాబ్ నడుపుత. మా ఊరు వికారాబాద్ జిల్లాల, పరిగి దాటినంక. సొంత భూమి మూడున్నర ఎకరాలు, కౌలుకు ఇంకో రెండెకరాలు. పత్తి, కంది, బాయి కింద జరంత టమాట. నాయిన చేస్తడు, నేను నెలకు రెండు సార్లు పోత. ట్రాక్టర్ కొనాలని ఇంట్ల రెండేండ్ల సంది మాట నడుస్తుంది. కొత్తదా, పాతదా అనే కాడ ఆగిపోతుండె. నాలెక్కనే పట్నంల కొలువు చేస్తూ ఊర్లె చేను ఉన్న తమ్ముళ్లు మస్తు మంది ఉన్నరు. మేము ఎట్ల తేల్చుకున్నమో చెప్త. లెక్క మీది మీరు వేసుకోండ్రి.

ఎడ్లను అమ్మి మూడేండ్లయితుంది. నాయినకు మోకాళ్లు పట్టుకుపోయినయి, ఎడ్ల ఎనక తిరుగుడు ఆయనతోని కాదు. కిరాయి ట్రాక్టర్ మీద పడ్డం. ఊర్ల ఉన్నయన్ని 45, 50 హార్స్‌పవర్ బండ్లు. దుక్కి దున్నేందుకు మంచిగనే ఉంటయి. కానీ మిర్గం వాన పడ్డ తెల్లారి నుంచి వాటి ఓనర్ల ఫోన్లు కలువయి. పదెకరాల పెద్ద రైతు చేను ఒక్కకాడ దున్నితే వాళ్లకు డీజిల్ కలిసొస్తది, మన మూడున్నర ఎకరాల కోసం బండి తిప్పుకొని ఎందుకొస్తరు? పోయిన వానాకాలం నాయిన ఐదు రోజులు ఎదురుచూసిండు. అప్పటికి పదును పోయింది. ఇత్తులు పెట్టినంక మళ్ల వాన రాలే, సగం చేను రెండోసారి ఇత్తుకోవాల్సి వచ్చింది. పత్తి మొలిచినంక గుంటుక తోలాల్నంటే పెద్ద బండి సాళ్లల్ల దూరదు. ఎడ్ల కిరాయి దొరకది. కైకిలోళ్లతోని కలుపు తీపిస్తే పైసలన్నీ ఆడనే అయిపోతయి.

అందుకే చిన్న ట్రాక్టర్. 15 నుంచి 30 హార్స్‌పవర్ లోపల ఉండేటియి. ఒక్క సిలిండర్ తోని 15 హార్స్‌పవర్ ఉండే స్వరాజ్ 717 నుంచి, మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, వీఎస్‌టీ శక్తి దాకా బజార్ల ఉన్నయి. మహీంద్రా వాళ్లు 2023 ఆగస్టుల బయటికి తెచ్చిన ఓజా బండ్లయితే మన జహీరాబాద్ ఫ్యాక్టరీలనే తయారయితయి. ఏది మంచిది అని నన్ను అడగకుండ్రి. ఏ కంపెనీది కొన్నా, మీ ఊరికి 20 కిలోమీటర్లల్ల దాని మెకానిక్, దాని సామాను ఉన్నయా లేవా అన్నది చూడాలె.

ఇంకో ముచ్చట కూడ ఎవ్వరు చెప్పరు. షోరూంకు పోయే ముందు టేపు పట్టుకొని చేన్లకు పోవాలె. మా దిక్కు పత్తి సాలు మూడడుగులు పెడ్తరు. చిన్న ట్రాక్టర్ అయినా బయటి టైరు అంచు నుంచి అవతలి టైరు అంచు దాకా కొలిస్తే శానా బండ్లు మూడడుగులకు అటు ఇటుగనే ఉంటయి. అంటే మూడడుగుల సాల్ల మొక్కను తొక్కకుంట పోవుడు కష్టమే. పేరుకు "మినీ" అని ఉన్నంత మాత్రాన సాల్ల పట్టదు. మేము సాలు నాలుగడుగులు చేసి, మొక్కకు మొక్కకు మధ్య ఎడం తగ్గియ్యాలని అనుకున్నం. మీరు సాలు మార్చనంటే బండి వెడల్పు కొలిచినంకనే అడ్వాన్సు ఇయ్యుండ్రి. కంపెనీ కాగితాల మీద రాసింది కాదు, టైర్లు ఏసి ఉన్న బండిని కొలవాలె.

ఇగ పైసల కాడికొద్దాం. కాగితం మీద మేము మొదలు రాసింది ధర కాదు. ఏడాదిల మా చేన్ల ట్రాక్టర్ ఎన్ని గంటలు తిరుగుతది అని రాసినం. ఐదున్నర ఎకరాలకు రెండు సార్లు కల్టివేటర్ కొడితే 14 గంటలు. ఒకసారి రోటవేటర్‌కు 10. పత్తి ఎదిగి సాళ్లు మూసుకపోయే లోపల మూడుసార్లు గుంటుక అంటే 17. గట్టు మీద బండి నిలబెట్టి పైపుతోని మందు కొట్టుడుకు 14. ఎరువు తోలుడు, పత్తి మోసుడు, గడ్డి తెచ్చుడు అన్నీ కలిపి 30. మొత్తం 85 గంటలు. అంతే. ఏడాదికి 8,760 గంటలుంటే మా ట్రాక్టర్‌కు పని 85 గంటలు. నాయిన నమ్మలే. మళ్ల లెక్కపెట్టమన్నడు. మళ్ల పెట్టినా గంతే వచ్చింది.

మా దిక్కు చిన్న ట్రాక్టర్ దొరికితే కిరాయి గంటకు 900. సొంత బండి అయితే గంటకు రెండున్నర లీటర్ల డీజిల్, లీటర్ 96 లెక్కన 240 రూపాయలు. ఆయిలు, ఫిల్టర్లు, చిన్న చిన్న రిపేర్లకు కొత్త బండి అయితే 60 వేసుకున్న. అంటే గంటకు 300 ఖర్చు, 600 మిగులు. పాత బండి అయితే రిపేరుకు 160 పెట్టిన. అప్పుడు ఖర్చు 400, మిగులు 500.

కొత్తది అన్నీ కలిపి 6 లక్షలు అనుకున్నం. ఎనిమిదేండ్ల తర్వాత 2 లక్షల 40 వేలకు అమ్ముడుపోయిందనుకో, ఏడాదికి 45 వేలు ధర పడిపోయినట్టు. లక్షన్నర చేతిల నుంచి కట్టి నాలుగున్నర లక్షలు లోను తీసుకుంటే, 12 శాతం మీద ఐదేండ్లకు నెల కిస్తు 10,010 రూపాయలు. వడ్డీనే లక్షన్నర. ఎనిమిదేండ్లకు పంచితే ఏడాదికి 19 వేలు. ఇన్సూరెన్సు గిట్ల 8 వేలు. మొత్తం 72 వేలు. గంటకు 600 మిగిలే బండి ఈ 72 వేలు తెచ్చుకోవాలంటే 120 గంటలు తిరగాలె. మాకున్నది 85.

పాతది 3 లక్షలకు కొని ఆరేండ్లకు లక్షన్నరకు అమ్మినమనుకో. ఏడాదికి 25 వేలు. ఇన్సూరెన్సుకు 5 వేలు. కొనంగనే పెట్టే రిపేరు 40 వేలు అనుకొని ఆరేండ్లకు పంచితే 7 వేల దాకా. మొత్తం 37 వేలు. గంటకు 500 లెక్కన 74 గంటలు తిరిగితే సాలు.

చూసినవా, పాతదే గెలిచింది అనకు తమ్మీ. ఇండ్ల నేను ఒక దొంగ లెక్క చేసిన, చెప్త. ఆ 3 లక్షలు నా చిట్టీ పైసలు. వాటికి వడ్డీ కట్టలే. బ్యాంకుల ఏసినా ఏడాదికి 15 వేలకు తక్కువ రాకపోవు. అది కలిపితే 74 కాదు, 104 గంటలైతది. కొత్తదాంట్ల కట్టే లక్షన్నరకు కూడ అట్లనే కలిపితే 135 దాకా పోతది. అంటే మా ఒక్కల చేనుతోని ఏ బండీ గిట్టుబాటు కాదు. పాతదానికి ఇంకో 20 గంటలు బయటి పని దొరకాలె, కొత్తదానికి 50 గంటలు. మా పక్క చేన్ల మా చిన్నాయినోళ్ల పత్తి మూడెకరాలున్నది. ఆ 20 గంటలు ఆడనే ఎల్లుతయి. 50 గంటలంటే ఊర్లె తిరిగి కిరాయికి తోలాలె. తోలేటిది ఎవరు? నాయిన తోలడు. నేను ఈడ గచ్చిబౌలి సిగ్నల్ కాడ ఉంట.

లెక్కల పట్టనిది ఒకటున్నది, అది అదును. ఐదు రోజులు ఆగినందుకు మేము రెండోసారి ఇత్తనాలు కొన్నం, ఆలస్యంగ పెట్టిన పత్తికి రేటు లేదు, ఏరుడుకు మనుషులు దొరకలే. అది ఏ కాలంల రాయాలె? అందుకే గిట్టుబాటు కాకున్నా కొందామనే అనుకున్నం. కానీ ఏది కొనాలన్నది మాత్రం లెక్కనే చెప్పింది.

లెక్క ఒక్కటే కాదు, భయం కూడ చెప్పింది. 2019ల నేను కొత్త కారు తీసుకున్న, నెలకు 14 వేల కిస్తు. కంపెనీకి పెట్టిన. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టిండ్రు. ఐటీ కంపెనీలన్నీ ఇంటికాడి నుంచే పని అన్నయి. మాదాపూర్ రోడ్ల మీద కుక్కలు తప్ప ఏం లేవు. రిజర్వ్ బ్యాంకు ఆగస్టు దాకా కిస్తులకు ఆగుమన్నది, అయినా వడ్డీ పెరుగుతనే ఉన్నది. తర్వాత కిస్తులు మొదలైనయి, క్యాబులు మాత్రం మొదలు కాలే. ఆ కారు నా చేతిల ఉండలే. ఇప్పుడు నడిపేది వేరేటోళ్ల బండి. "నెలకు పది వేలే కదన్నా" అని షోరూం పిలగాడు నవ్వుకుంట చెప్తుంటే నాకు కడుపుల తిప్పింది. చేనుకు పైసలు ఏడాదికి రెండుసార్లు వస్తయి, కిస్తు నెల నెల వస్తది. మీరు లోను తీసుకునేది ఉంటే ఆరు నెలలకోసారి కట్టే కిస్తు అడుగుండ్రి, ట్రాక్టర్ లోన్లకు ఇస్తరు. పట్నం జీతం మీద నమ్మకం పెట్టుకొని ఊరి ట్రాక్టర్‌కు నెల కిస్తు పెట్టుకోకుండ్రి. ఈడి కొలువులు ఎప్పుడు ఊడుతయో మా సార్లకే తెల్వదు.

మళ్ల ఆ 140 గంటల బండి కాడికొద్దాం. ఈ కారిడార్‌ల పనిచేసే సార్లు శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల, షాద్‌నగర్ దిక్కు ఎకరం, అర ఎకరం కొని వారానికోసారి పోతరు. మొదటి ఏడాది జోష్ ఉంటది. చిన్న ట్రాక్టర్ కొంటరు. రెండో ఏడు వాచ్‌మన్ దొరకడు, మూడో ఏడు అమ్మకానికి పెడ్తరు. అందుకే హైదరాబాద్ చుట్టుపక్కల తక్కువ గంటలు తిరిగిన చిన్న ట్రాక్టర్లు అప్పుడప్పుడు దొరుకుతయి. మన అసొంటోళ్లకు ఇది మంచి అవకాశమే. (2023 ఆగస్టుల కోకాపేట వేలంపాటల ఎకరం వంద కోట్లు దాటింది. ఆ రోడ్డు మీదికెల్లి పోయేటప్పుడల్లా, ఒకప్పుడు ఈడ కూడ ఎవరో ఎడ్లు కట్టిండ్రు కదా అనుకుంట.)

ఆదివారం మా ఊరి మెకానిక్ భాయ్‌ను ఎక్కించుకొని శంకర్‌పల్లి పోయిన. అతనికి 800 ఇచ్చిన. నేను పెట్టిన పైసలల్ల అన్నిటికంటే పనికొచ్చినయి అవే. బండి మీద పట్టా కప్పి ఉన్నది. మీటర్ నిజమే, 140 గంటలే. కానీ ఏడాదిన్నర సంది కదలలే. బ్యాటరీ సచ్చింది. ఎలుకలు వైర్లు కొరికినయి. డీజిల్ ట్యాంకుల నీళ్లు చేరి అడుగున జిగురు పట్టింది. టైర్ల పక్కల సన్నగ పగుళ్లు. హైడ్రాలిక్ కాడ సీలు ఎండి ఆయిలు కారుతుంది. సర్వీసు బుక్కు తెరిచి చూస్తే మొదటి 50 గంటల సర్వీసు చేయించనే లేదు. కొత్త ఇంజిన్, కొత్త గేరుబాక్సు రాపిడికి ఇనుప పొడి వచ్చి ఆయిల్‌ల కలుస్తది. దాన్ని మొదట్ల తీసెయ్యకుంటే అదే తిరిగి తిరిగి లోపల అరగదీస్తది. భాయ్ నా చెవుల ఒక్కటే మాట అన్నడు: "తిరిగిన బండి కన్న నిలబడ్డ బండి ఖతర్నాక్."

అయినా కొందుము, ధర మంచిగుంటే. సారు 4 లక్షల 60 వేలు అన్నడు. "నేను కొన్నప్పుడు ఆరుంబావు అన్నా" అన్నడు. ఈడ ఒక కీలకం ఉన్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండ ఐదున్నర లక్షలు ఉన్న బండి ముందు 6 లక్షల 16 వేలు పడుతుండె, ఇప్పుడు 5 లక్షల 77 వేల ఐదు వందలు. 38,500 తేడా. అమ్మేటోడు ఎంతకు కొన్నడో మనకు సంబంధం లేదు. ఇయ్యాల కొత్తది ఎంతకొస్తదో దాని మీదికెల్లి కిందికి రావాలె. వారంటీ అయిపోయిన, 40 వేల రిపేరు ఉన్న బండికి 4 లక్షల 60 అంటే మొత్తం 5 లక్షలు. ఇంకో 80 వేలు పెడితే షోరూం బండే వస్తది. 3 లక్షల 60కి ఇస్తవా సార్ అని అడిగిన. నవ్విండు. ఇప్పటికీ రోజూ నా బండిలనే ఎక్కుతడు, బండి ముచ్చట మాత్రం తీయడు.

తర్వాత తాండూరు దిక్కు ఒక బ్రోకర్ 2 లక్షల 20 వేలకు చూపిచ్చిండు. కర్ణాటక రిజిస్ట్రేషన్. బండి ఉరుకుతుంది. ఆర్సీల ఫైనాన్స్ పేరు ఉన్నది, "అది కట్టేసిండ్రు, కాగితం రేపొస్తది" అన్నడు. నేను క్యాబ్ లైన్ల ఉన్నోన్ని, ఆ "రేపు" ఎట్లుంటదో ఎరుకే. తమ్ముళ్లు, ఇది గట్టిగ పట్టుకోండ్రి: ఆర్సీ నంబర్ ఎంపరివాహన్ యాప్‌ల కొట్టి చూడుండ్రి. ఓనర్ పేరు, ఫైనాన్స్, ఇన్సూరెన్సు అండ్లనే కనబడ్తయి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకముందు పైసలు ఇయ్యొద్దు. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద అమ్మేటాయన సంతకాలు ఉండాలె. వేరే రాష్ట్రం బండికి ఆ రాష్ట్రం ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కూడ కావాలె. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతోని కలుస్తున్నయా అని గుడ్డతోని తుడిచి చదవాలె. ఆడ నంబర్ మీద కొత్త పెయింట్ ఉన్నది. మేము ఛాయ్ తాగి వచ్చేసినం.

మూడోది చేవెళ్ల దిక్కు. టమాట, పూలు ఏసే రైతు. 2019 బండి, 24 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకు పవర్ ఉన్నది, 1,350 గంటలు. ఆయన భూమి పెరిగింది, పెద్దది తీసుకుంటున్నడు. అమ్మే కారణం నాకు నచ్చింది. ఈసారి నాయినను కూడ తోలుకపోయిన. ముందు రోజే ఫోన్ చేసి చెప్పిన, "అన్నా, మేము వచ్చేదాక స్టార్ట్ చెయ్యకు" అని. వేడి ఇంజిన్ ఏదైనా స్టార్ట్ అయితది, సల్లగున్నప్పుడే దాని అసలు సంగతి తెలుస్తది. చెయ్యి పెట్టి చూస్తే ఇంజిన్ సల్లగ ఉన్నది. రెండో సెల్ఫ్‌కు లేచింది.

మొదట్ల జర తెల్లపొగ వచ్చి పోయింది. అది మామూలే. వేడెక్కినంక కూడ తెల్లపొగ పోకుంటే డీజిల్ సరిగ కాలుతలేదు, లేకపోతే నీళ్లు లోపలికి పోతున్నయి. నీలం రంగు వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, అంటే ఇంజిన్ పని దగ్గర పడ్డట్టు. లోడ్ మీద నల్లపొగ ఎక్కువొస్తే ఇంజెక్టర్, ఎయిర్ ఫిల్టర్ చూడాలె. భాయ్ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఛాయ్ రంగుకు వచ్చిందా అని చూసిండు, వస్తే నీళ్లు కలిసినట్టు. ఆయిల్ పోసే మూత తీసి గుప్పుగుప్పున పొగ కొడ్తుందా చూసిండు. కల్టివేటర్‌ను పైకి లేపి, ఇంజిన్ బందు చేసి, ఒక ఛాయ్ తాగేంత సేపు వదిలేసినం. రెండు ఇంచులు కిందికి జారింది. లిఫ్ట్ సీలు పని ఉన్నదన్నట్టు. పెద్ద గేర్ల పెట్టి బ్రేక్ మీద కాలు పెట్టి క్లచ్ మెల్లగ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలె. ఆగలే, గుంజింది. క్లచ్ ప్లేట్ అరిగింది. ముందు చక్రాలు జాకీ మీద లేపి ఊపి చూస్తే ఆట తక్కువనే ఉన్నది. పీటీవో పెట్టి తిప్పి చూసినం, చప్పుడు లేదు. నాలుగు చక్రాల బండ్లకు ముందు యాక్సిల్ కాడ ఆయిల్ కారుతుందా అన్నది వంగి చూడాలె, ఆ సామాను ఖరీదు.

నాయిన ఇవేవీ పట్టించుకోలే. "జర దున్ని చూద్దాం" అన్నడు. ఆయన చేన్లనే పది సాళ్లు దున్నిండు. మోకాళ్లు నొస్తయి కదా, క్లచ్ తొక్కంగ ముఖం ఎట్ల పెడ్తడో అని నేను చూస్తున్న. దిగి వచ్చి అన్నడు, "క్లచ్ గట్టిగున్నది రా. ఎడ్లోలె మెత్తగ పోతలేదు గానీ, పోతది." షోరూంల బండిని ఎవ్వడు మనకు చేన్ల దున్ననియ్యడు. పాత బండికి ఉన్న సుఖం ఇదొక్కటి.

3 లక్షల 20 వేలు అన్నడు. మేము క్లచ్, లిఫ్ట్ సీలు, బ్యాటరీ ముచ్చట చూపిచ్చి 2 లక్షల 90 వేలకు తెచ్చినం, కల్టివేటర్‌తో కలిపి. ఈ కల్టివేటర్ మాట మరువకుండ్రి. బండి కొంటే సగమే కొన్నట్టు. రోటవేటర్, గుంటుక, ట్రాలీ అన్నీ వేరే పైసలు. పాత బండితోని ఒకటో రెండో సామాన్లు అడిగి గుంజుకోవాలె. క్లచ్ ప్లేట్, సీళ్లు, బ్యాటరీ, ఆయిల్లు అన్నిటికి 38 వేలు అయినయి. సంక్రాంతికి ఇంటికి తెచ్చినం. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది, కొట్టంల ఎడ్లు కట్టే జాగలనే పెట్టినం.

అట్లని అందరు పాతదే కొనుండ్రి అని చెప్తలేను. ఊర్లెనే ఉండి, ఏడాదికి 250, 300 గంటలు కిరాయికి తోలే ఓపిక ఉన్న పిలగాడు కొత్తదే తీసుకోవాలె. కిరాయి బండి మిర్గంల రెండు రోజులు ఆగిపోతే ఆ ఏడాది గిరాకీ పక్కోనికి పోతది. వారంటీ, టైంకు సర్వీసు వానికి పైసలతో సమానం. బ్యాంకు లోను కూడ పాత బండి కన్న కొత్తదానికి తక్కువ వడ్డీకి దొరుకుతది. పాత బండికి ఫైనాన్స్ వాళ్లు 18 శాతం అడిగితే, రెండున్నర లక్షలకు మూడేండ్లల్ల వడ్డీనే 75 వేలు అయితది. పాతది అప్పుకు కొనాల్సి వస్తే మొత్తం లెక్క మళ్ల వేసుకోవాలె, ఒక్కోసారి కొత్తదే నయమనిపిస్తది.

సబ్సిడీ సంగతి. కేంద్రం యాంత్రీకరణ పథకంల ఎస్సీ, ఎస్టీ, సన్న చిన్నకారు, ఆడ రైతులకు 50 శాతం దాకా, మిగిలినోళ్లకు 40 శాతం దాకా పరిమితి లోపల సాయం ఉంటది. అది కొత్త మిషన్లకే, సెకండ్ హ్యాండ్‌కు రాదు. ఆ ఏడాది లిస్టుల చిన్న ట్రాక్టర్ ఉన్నదా, రోటవేటర్ మాత్రమే ఉన్నదా అని రైతు వేదిక కాడ ఏఈవోను అడగాలె. "సబ్సిడీ నేను ఇప్పిస్త, ముందు అడ్వాన్స్ కట్టు" అనే డీలర్ మాటకు తలూపొద్దు. మేము అనుకున్న దారి ఏందంటే, ట్రాక్టర్ పాతది మన పైసలతోని, రోటవేటర్ కొత్తది సబ్సిడీల. వస్తదో రాదో చూడాలె.

కొత్తదైనా పాతదైనా ఆ మోడల్‌కు ప్రభుత్వ పరీక్ష రిపోర్టు దొరికితే చదవండ్రి. మధ్యప్రదేశ్‌ల బుద్నిల, మన దిక్కు అనంతపురం జిల్లా గార్లదిన్నెల వ్యవసాయ యంత్రాలను పరీక్ష చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నయి. బుద్నిల ఇచ్చే ట్రాక్టర్ రిపోర్టుల పీటీవో కాడ నిజంగ ఎంత పవర్ వస్తది, గంటకు ఎంత డీజిల్ తాగుతది, లిఫ్ట్ ఎంత బరువు లేపుతది అన్నీ ఉంటయి. బానెట్ మీద రాసిన హార్స్‌పవర్ ఇంజిన్‌ది. రోటవేటర్‌ను తిప్పేది పీటీవో పవర్, అది ఎప్పుడూ తక్కువే ఉంటది. 24 హార్స్‌పవర్ బండికి నాలుగడుగుల రోటవేటర్ దాటి తగిలిస్తే నల్లరేగడిల ముక్కుతది.

మా బండి మొదటి నెలల రెండుసార్లు ఆగింది. ఒకసారి డీజిల్ పైపుల గాలి పట్టింది. నేను నానక్‌రాంగూడల ట్రాఫిక్‌ల ఉన్న, నాయిన ఫోన్ చేసిండు. వీడియో కాల్‌ల చూపిస్తే ఏ నట్టు వదులు చెయ్యాల్నో చెప్పిన, గాలి తీసిండు, బండి లేచింది. రెండోసారి నాకు కూడ తెల్వలే, మెకానిక్ భాయ్ సైకిల్ మోటర్ మీద పోయి చూసి వచ్చిండు. ఆయన ఊర్లనే లేకుంటే నేను ఈ బండి కొనకపోదును, ఇది మాత్రం ఖాయం.

చిన్నాయిన కొడుకు ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నడు. ఒక్కటే షరతు పెట్టినం: ట్రాలీల మనుషులను ఎక్కించొద్దు. పత్తి ఏరే ఆడోళ్లను ట్రాలీల కుక్కి తీసుకపోవుడు ఊర్లల్ల మామూలైంది. చిన్న బండి గట్టు మీద తిరగబడితే లెక్కలన్నీ ఆడనే ఆగిపోతయి, ఇన్సూరెన్స్ వాళ్లు కూడ వ్యవసాయ బండిల మనుషులెందుకు ఎక్కిండ్రు అని అడుగుతరు.

ఎనక టైర్లు ఇంకో సీజన్ వస్తయని భాయ్ అన్నడు. నాయిన రావంటున్నడు. ట్రాక్టర్ ఎనక టైర్ల మీద కూడ జీఎస్టీ 18 నుంచి 5కు తగ్గింది కాబట్టి, మిర్గం ముందే మార్చేద్దామని ఈ నెల చిట్టీ పాడుతున్న.